బడిపిల్లలకు ఫోను జాగ్రత్తలు చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పర్లాకిమిడి_టీచరమ్మ
అందరికీ నమస్కారం. నేను ఒడిశా పర్లాకిమిడిలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్తాను. 9, 10 తరగతుల వాళ్లకు ఆన్‌లైన్ భద్రత మీద వారానికో పీరియడ్ తీసుకోమని మా హెచ్‌ఎం గారు నాకు అప్పగించారు. తర్వాత ఒకరోజు తల్లులను కూడా పిలుస్తారట. బడిలో చదువు ఒడియాలో, సగం మంది ఇళ్లలో మాట తెలుగులో. చేతికొచ్చిన పోస్టర్లేమో హిందీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. అన్నింటి మీదా ముఖానికి ముసుగేసుకున్న దొంగ బొమ్మ, కింద "అపరిచితులతో మాట్లాడకండి" అని.

మా పిల్లలను ఏడిపించేవాళ్లు అపరిచితులైతే ఇంత టెన్షన్ ఉండేది కాదు. పక్క వీధి కుర్రాడు, వరసకు బావ అయ్యేవాడు, నిన్నటిదాకా ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు. వీళ్ల గురించి ఏ పోస్టర్లోనూ లేదు.

ఇంకో చిక్కు. సొంత ఫోను ఉన్న పిల్లలు తక్కువ. నాన్న హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పగలు అమ్మది, సాయంత్రం అన్నయ్యది, అందరి అన్నాలూ అయ్యాక అమ్మాయిది. "మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు" అని ఆ అమ్మాయికి ఏ మొహంతో చెప్పాలి? ఇలాంటి క్లాసులు తీసుకున్నవాళ్లుంటే ఏం చెప్పారో రాయండి.

పెదబాబు_బరంపురం
ఇంత చర్చ ఎందుకు తల్లీ. పది పాసయ్యేదాకా ఆడపిల్ల చేతికి ఫోనివ్వకూడదు. మా ఇంట్లో అదే పద్ధతి.

సంఘం_అక్క_రాయగడ
పెదబాబుగారూ, కోపం తెచ్చుకోకండి. స్కాలర్‌షిప్ ఫారం ఫోన్లో, హోంవర్కు ఫోన్లో, పరీక్షల టైంటేబుల్ ఫోన్లో. ఇవ్వకుండా ఎలా కుదురుతుంది? మగపిల్లాడికి ఏడో తరగతిలోనే కొనిస్తాం, ఆడపిల్ల మాత్రం దుప్పట్లో దాచుకుని చూడాలి. దాచుకుని చూసిన ఫోన్లో ఎవడైనా పిచ్చి మెసేజ్ పెడితే ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే ముందు పోయేది ఫోను. అందుకే చెప్పరు. మా వీధిలోనే చూశాను. విషయం ఇంట్లో తెలిసేసరికి ఆ పిల్ల బడి మానేసి రెండు నెలలైంది.

టీచరమ్మా, నువ్వు తల్లులను పిలిచిన రోజు మొదట చెప్పాల్సింది అదే. "చెబితే ఫోను లాక్కోను" అని తల్లి పిల్లకు ముందే మాటివ్వాలి.

నెట్‌వర్క్_బాబు (జయపురం, ఇప్పుడు బెంగళూరు)
ఒకే ఫోను ఉన్న ఇంటికి పాస్‌వర్డుల పాఠం పనికిరాదన్నది నిజమే మేడమ్. నేనైతే ఆ ఫోను ఎవరి నంబరు మీద నడుస్తోంది అన్న దగ్గర మొదలుపెడతాను. పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి: ఈ ఫోన్లో సిమ్ ఎవరి పేరున ఉంది, ఆ నంబరుకు ఓటీపీ వస్తే చూసేది ఎవరు, ఇన్‌స్టాగ్రామ్ అకౌంటు తెరిచినప్పుడు ఇచ్చిన నంబరు ఇప్పటికీ ఇంట్లోనే ఉందా.

మన వైపు ఇది పెద్ద సమస్య. వలస వెళ్లినప్పుడు అక్కడో సిమ్ తీసుకుంటారు, తిరిగొచ్చాక రీచార్జి ఆపేస్తారు. మూతపడిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. కొత్తగా ఆ సిమ్ కొన్నవాడు "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే ఓటీపీ అతని ఫోనుకే వెళ్తుంది. ఇక్కడ దొంగతనం చేసినవాడు ఎవడూ లేడు, అయినా పిల్ల అకౌంటు పోయింది. ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ సైట్లో నంబరు కొడితే మన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూపిస్తుంది. తల్లుల మీటింగులో అది చేసి చూపించండి. మనకు తెలియనిది కనబడితే "ఇది నాది కాదు" అని అక్కడే నొక్కొచ్చు.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే ఆరంకెల పిన్ అడుగుతుంది. ఓటీపీ ఎవడికో చేరినా ఆ పిన్ లేకుండా వెంటనే లోపలికి రాలేడు. ఒక ఫోన్లో నలుగురుంటే చాట్ లాక్ ఉంది, ఇన్‌స్టాకు విడిగా యాప్ లాక్ పెట్టుకోవచ్చు. పదహారేళ్ల పిల్లకు తన స్నేహితురాలితో మాట్లాడుకునే జాగా ఇంట్లోవాళ్ల నుంచి కూడా కాస్త ఉండాలని నా అభిప్రాయం. దీని మీద నన్ను తిట్టేవాళ్లు ఉంటారని తెలుసు.

పెదబాబు_బరంపురం
తిట్టను గానీ ఒప్పుకోను.

గుణుపూర్_జెరాక్స్
నాకు గుణుపురంలో జెరాక్స్, నెట్ సెంటర్ ఉంది. మీరంతా ఫోన్ల గురించే మాట్లాడుతున్నారు, మా షాపుల గురించి ఎవరూ ఎత్తడం లేదు. ప్రింటు కోసం జనం ఏం చేస్తారో చెప్తాను. ఆధార్ ఫొటో, బ్యాంకు పాస్‌బుక్కు, కులం సర్టిఫికెట్, అమ్మాయి పాస్‌పోర్టు సైజు ఫొటో అన్నీ షాపు వాట్సాప్ నంబరుకు పంపేస్తారు. పది రూపాయలిచ్చి కాగితం తీసుకుని వెళ్లిపోతారు. కాగితం వాళ్ల చేతికి వెళ్లింది, ఫైలు షాపు ఫోన్లో ఉండిపోయింది. ఇలాంటి ఏ షాపు ఫోను తెరిచినా సగం ఊరి ఆధార్‌లు అందులో ఉంటాయి. షాపులో కూర్చునే కుర్రాడు ఏడాదికోసారి మారతాడు, ఫోను మాత్రం అదే.

పిల్లలకు ఇది నేర్పండి: ప్రింటు చేతికి రాగానే కౌంటర్ ముందు నిలబడే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కాలి. సుమారు రెండున్నర రోజులు దాటితే ఆ ఆప్షన్ రాదు. అప్పటికే కంప్యూటర్లోకి దించిన కాపీ దానితో పోదు, కాబట్టి డౌన్‌లోడ్స్‌లోంచి కూడా తీసేయమని మొహమాటం లేకుండా అడగాలి. అడిగితే మేమేమీ అనుకోం. అసలు అంకెలన్నీ కనిపించే ఆధార్ ఎందుకు పంపాలి? ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్లో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. మొదటి 8 అంకెలు మూసేసి చివరి 4 మాత్రమే చూపిస్తుంది. చాలాచోట్ల అది సరిపోతుంది.

ఇంకోటి, మా కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి అలాగే వదిలేసి వెళ్తారు. రోజూ జరిగేదే.

పర్లాకిమిడి_టీచరమ్మ
జెరాక్స్ తమ్ముడూ, నీ ఆఖరి మాట పట్టుకుని ఇవాళ క్లాసులో ఒక పని చేశాను. తల్లుల ఫోన్లు తెచ్చుకోమని ముందే చెప్పాను, పాతికమంది దాకా తెచ్చారు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (ఆ వాట్సాప్ ఇంకే కంప్యూటర్లో తెరిచి ఉందో చూపించే చోటు) తెరవమన్నాను. చాలామందికి ఖాళీ. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. వాళ్లమ్మ ఫోన్లో "విండోస్" అని ఒక పేరు, దాని కింద తేదీ. అది ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బుల ఫారం నింపించడానికి వాళ్లమ్మ నెట్ సెంటర్‌కు వెళ్లిన వారమట. అప్పటి నుంచి ఆ ఇంట్లో వచ్చిపోయే ప్రతి మెసేజూ ఆ కంప్యూటర్లో కనబడే వీలుందన్నమాట. లాగ్ అవుట్ అని ఆ పిల్ల చేతే నొక్కించాను. తర్వాత పీరియడ్ అయిపోయేదాకా నేను ఒక్క ముక్క పాఠం చెప్పలేదు, ప్రశ్నలన్నీ వాళ్లవే. "మేడమ్, ఇదెవరు పెట్టారో తెలుస్తుందా", "మా అన్న నా వాట్సాప్ వాడి ల్యాప్‌టాప్‌లో చూస్తున్నాడా", ఇలా.

ఆ అన్న ప్రశ్న అడిగిన పిల్ల మొహం చూస్తే అడగడానికి కారణం ఉందనిపించింది.

సిరోంచ_పోరడు
నమస్తే అందరికి. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. ప్రాణహిత, గోదావరి కలిసే కాడ. నది దాటితే కాళేశ్వరం, తెలంగాణ. మా దగ్గర చదువు మరాఠీల, ఇంట్లో తెలుగు, ఫోన్ల వచ్చే మెసేజ్‌లు మాత్రం రెండు రాష్ట్రాలవి. మహారాష్ట్రల ఆడోళ్లకు నెలనెల పైసలిచ్చే లాడ్కీ బహీణ్ పథకం 2024ల మొదలైన కాడి నుంచి "మీ పైసలు ఆగిపోయినయ్, ఈ లింకుల కేవైసీ చెయ్యండి" అని మెసేజ్‌లే మెసేజ్‌లు. ఇంకో దిక్కు తెలంగాణ పథకాల పేరు మీద తెలుగుల. తెలుగుల ఉన్నది చూస్తే మన అవ్వలు తొందరగ నమ్ముతరు. మరాఠీల వచ్చిన దాన్ని నన్ను చదవమంటరు గనక అప్పుడు పట్టుకుంట.

చంద్రపూర్ జిల్లా జివతి దిక్కు సరిహద్దు ఊర్లలోనైతే రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్నోళ్లు ఉన్నరు, అందరికీ తెలిసిన ముచ్చటే. అంటే ఒక్క మనిషి కాగితాలు రెండు రాష్ట్రాల ఆఫీసులల్ల, రెండు దిక్కుల షాపులల్ల తిరుగుతయ్. ఏ దిక్కు నుంచి బయటపడ్డదో ఎవరు చెప్తరు?

నేర్పుడు గురించి అడిగిన్రు కదా మేడమ్. 2018ల పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు వచ్చిన్రని వాట్సాప్‌ల పుకార్లు లేచినయ్ గుర్తుందా? మా మహారాష్ట్రలనే ధులే జిల్లా రైన్‌పాడలో 5 మందిని కొట్టి చంపిన్రు. అదే సమయంల తెలంగాణల గద్వాల, వనపర్తి ఎస్పీగ ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికి పంపి, డప్పు కొట్టి పాటలు పాడించి చెప్పించిన్రు. పోస్టర్ అంటించి పోతే ఎవరూ చదవకపోదురు. మీ తల్లుల మీటింగుల కూడా స్లైడ్లు చూపెట్టకుండ్రి. మెసేజ్‌ను ఉన్నది ఉన్నట్టు పైకి చదివి "ఇది నిజమా, అబద్ధమా" అని అడుగుండ్రి. కొట్లాడుకుంటరు, గప్పుడు మజా వస్తది.

సంఘం_అక్క_రాయగడ
పోరడా, బాగా చెప్పావు. మా సంఘంలో సుభద్ర పేరుతో అచ్చం అలాంటివే తిరిగాయి. ఏడాదికి పదివేలు రెండు విడతల్లో అకౌంట్లో పడాలి, దానికి ఫోన్లో వచ్చిన లింకు నొక్కాల్సిన పనేముంది అని మా వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా, డబ్బు పడలేదన్న కంగారులో చెయ్యి ఆగదు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు అన్న ఒక్క మాట మాత్రం అందరికీ కంఠతా వచ్చేసింది.

నేను ఇంకోటి అడుగుదామనుకున్నాను. ఓణీల ఫంక్షన్లకు వీడియో ఆహ్వానాలు చేయిస్తున్నారు కదా. అమ్మాయి పేరు, ఇంటిపేరు, ఫొటోలు పదిహేను, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఇంటి దగ్గర గుర్తులు, వెనక పాట. అది స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో, ఫొటోగ్రాఫర్ యూట్యూబ్ చానల్లో. ఆ పిల్లను "ఇది పెట్టమంటావా" అని ఎవరైనా అడుగుతారా? మా తోటికోడలి కూతురు బళ్లో మగపిల్లలు ఏడిపిస్తారని ఏడుస్తుంటే "ఎంత బాగున్నావే, ఏడుపెందుకు" అన్నారు. రేపు టీచరమ్మ క్లాసులో "మీ ఫొటోలు బయట పెట్టొద్దు" అంటే ఆ పిల్ల మనసులో ఏమనుకుంటుంది?

నెట్‌వర్క్_బాబు
అక్కా, మీరు చెప్పిన ఆహ్వానానికీ జెరాక్స్ అన్న చెప్పిన ఆధార్‌కూ సంబంధం ఉంది. ఉడాయ్ నుంచి దించుకున్న ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా. అది పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు క్యాపిటల్ లెటర్లలో, పక్కన పుట్టిన సంవత్సరం. ఆహ్వానంలో ఆ రెండూ ఉన్నాయి.

టీచరమ్మగారూ, మీకు చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది. స్కూల్ వాట్సాప్ గ్రూపుల్లో స్కాలర్‌షిప్ లిస్టులు పెడతారు. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, బ్యాంకు అకౌంటు నంబరు, కొన్నిసార్లు ఆధార్ నంబరు కూడా. "తప్పులుంటే చూసుకోండి" అని. రెండు వందల మంది ఉన్న గ్రూపులో. మా చెల్లి చదివిన బడి గ్రూపులో అలాంటి ఎక్సెల్ షీటు ఇప్పటికీ ఉంది. ఏ పిల్లా తన అజాగ్రత్త వల్ల ఇన్ని వివరాలు ఒక్కసారిగా బయటపెట్టుకోలేదు. 2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అంది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ఆ చట్టం మన బడి గుమ్మం దాకా ఎప్పుడొస్తుందో గానీ, లిస్టు డిలీట్ చేయడానికి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు.

పర్లాకిమిడి_టీచరమ్మ
ఇబ్బంది ఎందుకు, ఉన్నమాటే. మా స్టాఫ్ గ్రూపులో ఇవాళే వెతికాను, మూడు లిస్టులు దొరికాయి. ఒకటి పాతది, డిలీట్ అవ్వడం లేదు. గ్రూపునే మూసేసి కొత్తది పెట్టాలంటున్నారు. హెచ్‌ఎం గారు ముందు "ఇన్నేళ్లు ఏమీ కాలేదు కదా" అన్నారు. బాబు చెప్పిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ సంగతి చెప్పాక ఇంకేమీ అనలేదు.

అసలు నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే. రేపు ఒక పిల్ల వచ్చి "నా ఫొటో పెడతానని బెదిరిస్తున్నాడు" అంటే నేనేం చేయాలి? ముందు ఎవరికి చెప్పాలి? "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అని అడిగితే?

ఖాకీ_మాజీ
అమ్మా, నేను పాతపట్నం వాడిని, పోలీసు డిపార్ట్‌మెంటులో రిటైరయ్యాను. మీకు ఏరు దాటితే మా ఊరే. వివరంగా చెప్తాను.

ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. పిల్ల వయసు 18 లోపు ఉండి విషయం లైంగికమైనదైతే, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే మీ మీదే కేసు. కాబట్టి మొదటి క్లాసులోనే అందరికీ కలిపి చెప్పేయండి: "నాకు చెప్తే తిట్టను, ఊళ్లో చాటింపు వేయను. కానీ అవసరమైన ఒకరిద్దరికి చెప్పాల్సి వస్తుంది, అది నీకు చెప్పే చేస్తాను." పిల్లలు ఈ తేడా అర్థం చేసుకుంటారు. మాటిచ్చి తప్పితే మాత్రం ఇంకెప్పుడూ రారు.

రెండో సంగతి. ఇంట్లో తెలిసిన వెంటనే చేసే పని, భయంతో మొత్తం చెరిపేయడం. సాక్ష్యం అక్కడే పోతుంది. వాడి ప్రొఫైల్ లింకు, నంబరు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తేదీ టైము కనబడేలా తీసుకున్నాకే బ్లాక్ చేయాలి. పిల్ల ఫొటోను మాత్రం సాక్ష్యమని చెప్పి ఇంకొకరి ఫోనుకు పంపకూడదు. ఇది పెద్దవాళ్లే చేస్తారు, మేనమామకు పంపి, ఆయన వకీలుకు పంపి. పిల్లల అసభ్య ఫొటోలు పంచడమే ఐటీ చట్టం 67బి కింద నేరం, ఉద్దేశం మంచిదే అయినా చిక్కే. డబ్బు అడిగితే ఇవ్వకూడదు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు, నా సర్వీసులో దీనికి మినహాయింపు చూడలేదు.

డబ్బు పోతే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ఆ డబ్బు తర్వాతి అకౌంటుకు మారకముందే ఆపగలగాలి. ఆడవాళ్ల, పిల్లల విషయమైతే జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. పిల్లలకు 1098 ఉంది, రాత్రీ పగలూ పలుకుతారు.

ఇక మన సరిహద్దు గొడవ. పిల్ల ఒడిశాలో, వాడు శ్రీకాకుళంలో, సిమ్ తెలంగాణది. "ఇది మా పరిధి కాదు, అక్కడికి వెళ్లండి" అని తిప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలి. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఆ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. నంబరు చూడగానే మాట మారుతుంది.

నెట్‌వర్క్_బాబు
ఖాకీ అంకుల్ చెప్పినదానికి చిన్న చేర్పు. "టేక్ ఇట్ డౌన్" అని ఉచిత సేవ ఉంది, 18 లోపు వయసులో తీసిన ఫొటోల కోసం. 18 దాటినవాళ్లకు "స్టాప్ ఎన్‌సీఐఐ". మన ఫొటోను ఎక్కడికీ పంపక్కర్లేదు. మన ఫోన్లోనే దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి దాంతో పోల్చి అదే ఫొటో కనబడితే తీసేస్తాయి. వాట్సాప్ చాట్లలో తిరిగేదాన్ని ఇది పట్టుకోలేదు, ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి. ఒక్కసారి చూడగానే పోయే "వ్యూ వన్స్" ఫొటో కూడా అంతే. స్క్రీన్‌షాట్ రాదు గానీ పక్కన ఇంకో ఫోను పెట్టి తీస్తే ఆపేవాడు లేడు.

సిరోంచ_పోరడు
మేడమ్, ఒక మాట. అంతా ఆడపిల్లలకే చెప్తున్నం. ఫొటో పంపమని అడిగేది, వచ్చినదాన్ని దోస్తుల గ్రూపుల వేసేది మగపోరలు. వాళ్లకు క్లాసు ఏది? మా కాలేజీల ఒకడు వేసిండు, నలభై మంది చూసిన్రు, ఒక్కడు గూడ "తీసెయ్‌రా" అనలే. ఐటీ చట్టం 66ఈ కింద ఒకరి ప్రైవేటు అంగాల ఫొటో వాళ్లు ఒప్పుకోకుండ తీసినా, పంచినా మూడేండ్ల దాక జైలు అని తెలిస్తే సగం మంది వణుకుతరు. పక్క బాలుర బళ్లె గూడ పెట్టించుండ్రి.

పెదబాబు_బరంపురం
ఆ కుర్రాడు చెప్పింది న్యాయంగా ఉంది.

నాకొక సందేహం. మా ఆవిడ వేలిముద్రతో బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు ఏజెంటు) దగ్గర డబ్బు తీసుకుంటుంది. వేలిముద్రలు కాజేసి డబ్బు లాగేస్తున్నారని పేపర్లో చదివి, మనవడి చేత ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించాను. ఈ నెల రేషన్ షాపులో మెషీన్ వేలు తీసుకోలేదు. రెండుసార్లు తిరిగాం. లాక్ వల్లేనా?

గుణుపూర్_జెరాక్స్
లాక్ వల్లే పెద్దాయనా. లాక్ ఉంటే ఎక్కడ వేలు పెట్టినా పనిచేయదు, రేషన్ మెషీన్‌కు కూడా అదే వర్తిస్తుంది. షాపు దగ్గర లైన్లో నిలబడ్డాక ఆధార్ యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేయండి, పది నిమిషాలయ్యాక దానంతటదే మళ్లీ లాక్ అవుతుంది. మీ వంతు దగ్గర పడ్డాకే చేయండి. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు మీ దగ్గరే ఉండాలి. మనవడి నంబరు ఇచ్చారా?

పెదబాబు_బరంపురం
వాడిదే. వాడు భువనేశ్వర్‌లో ఉంటాడు.

గుణుపూర్_జెరాక్స్
అయితే ముందు ఆధార్ సెంటర్‌కు వెళ్లి నంబరు మార్పించుకోండి. మార్పు ఎక్కేదాకా రేషన్‌కు వెళ్లిన రోజు మనవడిని ఫోన్లో ఉండమనండి.

పర్లాకిమిడి_టీచరమ్మ
ఈ రేషన్ సంగతి తల్లుల మీటింగులో తప్పకుండా చెప్తాను. లేకపోతే లాక్ చేయించి, రేషన్ రాక, నన్ను తిట్టుకుంటారు.

ఇప్పటికి ఇలా అనుకున్నాను. మొదటి మీటింగ్ పిల్లలకు కాదు, స్టాఫ్ రూములో మాకు. లిస్టుల సంగతి అక్కడ తేల్చుకోవాలి. తర్వాత తల్లులు. ఫోన్లు చేత్తో పట్టుకుని సిమ్‌లు, లింక్డ్ డివైసెస్ చూసుకోవడం, పోరడు చెప్పినట్టు మెసేజ్‌లు చదివి వాదించుకోవడం. పిల్లలకు బెదిరింపుల పాఠం ఆ తర్వాతే, ఎందుకంటే అప్పటికి ఇంట్లో వినేవాళ్లు తయారై ఉండాలి. బాలుర స్కూలు హెచ్‌ఎం గారిని కలిశాను, "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" ఎలాంటిదో మీకు తెలుసు. ఖాకీగారూ, మీరు వచ్చి అరగంట మాట్లాడితే ఆయన కాదనలేరు. వీలవుతుందా?

ఖాకీ_మాజీ
వస్తానమ్మా. శనివారం పెట్టండి, ఆదివారం మాకు పెళ్లి ఉంది. ఒడియా నాకు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. బోర్డు మీద రాసే పని మీరే చూసుకోవాలి.

సంఘం_అక్క_రాయగడ
తల్లుల మీటింగుకు మాత్రం శనివారం వద్దు టీచరమ్మా, మీ ఊళ్లో సంత ఏ రోజో చూసి పెట్టు. సంత రోజు పెడితే ఎవరూ రారు.